ఆ గదిలో ఎవరూ పడుకోరు

కిందటి వారం మిమ్మల్ని మా గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. బెల్లు మోగింది. బయట ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ మేడమ్ ఉంది. లోపల నేను గడియ మీద చెయ్యి వేసి, తీయాలా వద్దా అని తటపటాయిస్తున్నాను. వారమంతా అలాగే నిలబడ్డ పాతవాళ్ళు ఇంకొక్క నిమిషం ఓపిక పట్టండి, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

మా అటక మీద నీళ్ళ ట్యాంకు ఉంది. ఓ మధ్యాహ్నం మేమంతా బయటికెళ్ళిన సమయం చూసుకుని దాని గొట్టం అతుకు దగ్గర ఊడింది. తిరిగొచ్చేసరికి హాలు సీలింగు సగం సోఫాలో కూర్చుని ఉంది. వెనక గది సీలింగు మొత్తం నేల మీద ఉంది. పైన దూలం ఒకటి కుంగి, ఇంటి కప్పు ఓ మూల నోరు తెరిచింది. ఆ నోటికి టార్పాలిన్ కట్టి, పొడిగా మిగిలిన ఒక్క గదిలో అత్తయ్య, మామయ్య, మా ఆయన, నేను సర్దుకుంటున్నాం. సొంతంగా బాగుచేయించుకునే తాహతు మాకు లేదు. ఇన్సూరెన్స్ వస్తే ఇల్లు నిలబడుతుంది, రాకపోతే ఎంతకో అంతకు అమ్ముకుని అద్దెకు పోవాలి. పోతే పోదాం అనుకోవడానికి కూడా వీల్లేదు. మా అత్తయ్య వెనక గదిలో ఫిడేళ్ళు బాగుచేస్తుంది. జిగురు ఉడకబెట్టే స్టవ్వు, వార్నిష్ డబ్బాలు, స్పిరిట్ సీసాలు చూసి ఆమెకు గది అద్దెకిచ్చే మహానుభావుడు ఇంకా పుట్టలేదు.

ఇక మా పాలసీ అన్నయ్య. మా ఆడపడుచు భర్త. ఇన్సూరెన్స్ ఏజెంటు. చావుకబురు చెప్పడానికి వెళ్ళినా వచ్చేటప్పుడు ఓ పాలసీ రాయించుకుని వస్తాడని నేను పెట్టిన పేరది. మా ఇంటి పాలసీ రాసింది ఆయనే. సర్వేయర్ వస్తోందని తెలియగానే కంగారుగా వచ్చి, ఇంటి పాలసీ ఉన్నచోట పనిగది ఉందంటే కంపెనీవాళ్ళు పేచీ పెడతారనీ, గంటలో ఆ గది పడకగది అయిపోవాలనీ తేల్చేశాడు. మామయ్య సరేనన్నారు. మా ఆయన పనికి వెళ్ళాడు. అత్తయ్య కూడా ఇంట్లో లేదు. తడిసిపోయిన ఫిడేళ్ళ యజమానులకు జరిగింది తనే స్వయంగా చెప్పాలని పొద్దున్నే బయల్దేరి వెళ్ళింది. మామాఅల్లుళ్ళిద్దరూ కలిసి ఆమె పనిబల్లను గోడకు నెట్టి, దాని మీద పువ్వుల గుడ్డ కప్పి, ఓ పూలజాడీ పెట్టారు. తడిసిన వాద్యాలన్నీ మా గదిలోకి చేరాయి. ఎక్కడినుంచో మడతమంచం వచ్చింది. జిగురు వాసన పోవడానికి అన్నయ్య ఓ సెంటు సీసా ఖాళీ చేశాడు. వాసన పోలేదు సరికదా, జిగురు సెంటు కొట్టుకుని షికారుకు బయల్దేరినట్టయింది. నేను వద్దన్నాను. నోరు నొప్పెట్టేదాకా అన్నాను. ఆ మంచానికి వేలు కూడా తగిలించలేదు. కానీ ఈ ఇంట్లో కోడలి మాటా ఫ్యాను చప్పుడూ ఒకటే.

అదీ సంగతి. ఇప్పుడు తలుపు తీస్తున్నాను.

సర్వేయర్ అంటే ఎవరో కోటు, టై, కళ్ళజోడు అనుకున్నాను. వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. కాళ్ళకు రబ్బరు బూట్లు, చేతిలో టార్చి, జుట్టు గట్టిగా లాగి వేసిన ముడి. మామయ్య వంగి వంగి టీ తాగమన్నారు. ముందు పని చూసుకుంటానంది. అన్నయ్య కుర్చీ తుడిచాడు. ఆవిడ కూర్చోలేదు. ట్యాంకు ఎక్కడని అడిగింది, నిచ్చెన చూపించేలోపు సగం ఎక్కేసింది. ఆ వయసులో ఆ ఎక్కడం చూసి నేను అక్కడికక్కడే ఆవిడ పక్షం చేరిపోయాను, ఆవిడ ఏ పక్షమో ఇంకా తెలియకపోయినా సరే.

కిందికి దిగేటప్పుడు ఊడిపోయిన అతుకు ముక్క ఆవిడ చేతిలో ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి, మాకందరికీ చూపించింది. ఈ ముక్క అరిగిపోయిందట. అరిగిపోయిన వస్తువుకు కంపెనీ ఏమీ ఇవ్వదట, అది మనం చూసుకోవాల్సిన పని. మామయ్య మొహం వాడిపోయింది. కానీ అది ఒక్కసారిగా ఊడినందువల్ల నీళ్ళు పడి పాడైందంతా, సీలింగు, దూలం, కరెంటు తీగలు, నేల, అన్నీ పాలసీలోకి వస్తాయట. మామయ్య మొహం విచ్చుకుంది. అదే ఈ నీళ్ళు నెలల తరబడి చుక్కచుక్కగా కారి, మనం చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటే మాత్రం పైసా వచ్చేది కాదట. మామయ్య మొహం ఎటు పెట్టాలో తెలియక మధ్యలో ఆగిపోయింది.

మామయ్య దృష్టిలో పాలసీ అంటే ఇంటి మీద కప్పిన పెద్ద దుప్పటి. కట్టాల్సింది కడితే చాలు, చలి వేయకూడదు అంతే. ఆ దుప్పటి ఎంతవరకు వస్తుందో, కాళ్ళు ఎక్కడ బయటపడతాయో ఆవిడ ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆయనకు మొదటిసారి చలి తెలుస్తోంది. పాత సోఫాకు కొత్త సోఫా ఖరీదు రాదా అని అడిగారు. మీ పాలసీలో పాతదానికి పాత విలువే వస్తుందని ఆవిడ చెప్పింది. విసుక్కోలేదు, చిన్నచూపు చూడలేదు. రాదు అనే మాటను అంత మర్యాదగా చెప్పేవాళ్ళను నేను ఇంతకుముందు చూడలేదు.

హాలు వరకు అంతా బాగానే నడిచింది. కారణం స్పష్టంగా ఉందనీ, హాలు విషయంలో ఇబ్బంది ఉండదనీ ఆవిడ అంది. అన్నయ్య నావైపు చూసి కళ్ళెగరేశాడు, చూశావా నా ప్రతాపం అన్నట్టు. నాకు ఒళ్ళు మండింది.

తర్వాత వెనక గది.

సెంటు వాసనకు ఆవిడ గుమ్మంలోనే తుమ్మింది. టార్చి వేసి పైకి చూసింది. సీలింగు లేదు, చెక్కల మధ్యనుంచి తడి ఇంకా కారుతోంది. టార్చి కిందికి దించింది. వెలుగు మడతమంచం మీద పడింది. మంచం మీద తెల్లటి దుప్పటి, చారలు చారలుగా నిలువు మడతలు. ఇక్కడ మీకు మా మామయ్య గురించి ఓ మాట చెప్పాలి. టికెట్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాక ఆయన ఇస్త్రీ పట్టుకున్నారు. చొక్కాలు, తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, గలీబులు, ఆఖరికి ఇల్లు తుడిచే గుడ్డ కూడా ఇస్త్రీ చేస్తారు. ఇన్సూరెన్స్ ఆవిడ వస్తోంది కదా అని దుప్పటిని ప్రత్యేకంగా, గంజి పెట్టినంత కడక్‌గా ఇస్త్రీ చేసి పరిచారు. సీలింగు కూలిపడిన గదిలో, అన్ని నీళ్ళు కురిసిన చోట, చుక్క తడి లేని ఇస్త్రీ దుప్పటి. ఎంత తెలివైన ఏర్పాటో మీరే చూడండి.

ఆవిడ దుప్పటి మీద అరచెయ్యి పెట్టింది. పొడిగా ఉందే అంది. మా ఇంట్లో దుప్పట్లన్నీ ఇస్త్రీ చేసే వేస్తామండీ అన్నారు మామయ్య, గర్వంగా. నేను పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగాను. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకే తెలియలేదు.

ఆవిడకు అంతా అర్థమైపోయిందని ఆ చెయ్యి పెట్టిన తీరులోనే నాకు తెలిసింది. అయినా నిలదీయలేదు. ఇక్కడ ఎవరు పడుకుంటారని మాత్రం అడిగింది, తప్పు దిద్దుకోవడానికి ఓ సందు ఇస్తున్నట్టుగా. మామయ్య ఆ సందును వాడుకోలేదు. మా ఆవిడ అన్నారు. అక్కడితో ఆగితే ఆయన మామయ్య ఎందుకవుతారు. ఆమెకు గురక ఎక్కువండీ, అందుకే వేరే గది అని కూడా కలిపారు.

"ఈ గదిలో ఎవరూ పడుకోరండీ."

మాట వెనకనుంచి వచ్చింది. పెరటి తలుపు తీసుకుని అత్తయ్య ఎప్పుడు వచ్చిందో ఎవరం చూడలేదు. చేతిలో సంచీ అలాగే ఉంది. మొహం ఎండకు కందిపోయింది. తన గదిలో మంచాన్నీ, పూలజాడీనీ, మమ్మల్నీ వరసగా చూసింది. అరవలేదు. సంచీ కింద పెట్టి, బల్ల దగ్గరికి వెళ్ళి, పూలజాడీ తీసి నా చేతికిచ్చి, పువ్వుల గుడ్డను లాగేసింది. కింద ఉలిగాట్లు, జిగురు మరకలు, రంగు మచ్చలు పడ్డ పాత బల్ల బయటపడింది.

"ఇది నా పనిగది. ఫిడేళ్ళు బాగుచేస్తాను. దీన్ని పడకగది అంటే ఇన్నేళ్ళూ నేను నిద్రపోయాననే కదా అర్థం" అంది.

అన్నయ్య నాలుక కరుచుకున్నాడు. అత్తయ్యగారూ, మీరు అలసిపోయి వచ్చారు, లోపల కూర్చోండి అని ఏదో అనబోయాడు. ఆమె వినిపించుకోలేదు. నాకైతే ఆ క్షణంలో ఆమె కాళ్ళమీద పడాలనిపించింది, ఇల్లు పోతుందేమోనని భయం వేస్తున్నా సరే. నిజం చెప్పడం గొప్పేమీ కాదంటారు కొందరు. నెత్తిమీద కప్పు లేనప్పుడు చెప్పి చూడమనండి.

సర్వేయర్ మేడమ్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. వాద్యాలు ఎక్కడున్నాయని అడిగితే అత్తయ్య నావైపు చూసింది, నేను పరుగెత్తుకెళ్ళి ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద పేర్చాను. తడికి అతుకులు విడిపోయినవి, వెనక చెక్క ఉబ్బిపోయినవి, మెడ ఊడి తీగల మీద వేలాడుతున్నవి. అత్తయ్య వాటిని చూపిస్తున్న తీరు మీరు చూసి ఉండాల్సింది. ఏది ఎవరిదో, ఏది ఎందుకు వచ్చిందో, ఏది బతుకుతుందో చెప్తూ, మధ్యమధ్యలో వేలితో చెక్క మీద తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది ఇంకా పలుకుతోంది అనేది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె ఫిడేలు విప్పడం మొదటిసారి చూశాను. పలచటి కత్తిని అంచులో దూర్చి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా నెడుతుంటే లోపలి పాత జిగురు చిట్లుతున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడును బట్టి కత్తి ఎటు తిప్పాలో ఆమెకు తెలిసేది. నాకేమో ఉల్లిపాయ తరగడానికే ఓపిక ఉండదు. అప్పటినుంచీ ఆమెముందు నేను కాస్త నోరు తగ్గించుకుని ఉంటాను. ఇంటిల్లిపాదిలోనూ ఆ గౌరవం ఆమె ఒక్కదానికే ఇచ్చాను.

స్పిరిట్ సీసాలు ఏవని ఆవిడ అడగకముందే అత్తయ్య అలమర తెరిచి చూపించింది. స్టవ్వు కూడా చూపించింది. ఇసుక బకెట్టు ఎక్కడ పెడుతుందో, పని అయిపోయాక ఏది ఎలా మూస్తుందో చెప్పింది.

అప్పుడు సర్వేయర్ మేడమ్ టార్చి ఆర్పి బల్ల మీద పెట్టింది. ఇంతసేపూ కూర్చోని మనిషి ఆ మడతమంచం మీదే కూర్చుంది.

"మీరు దాచకుండా చెప్పారు, నేనూ దాచకుండా చెప్తాను" అంది. "ఇంటి పాలసీ అంటే ఇల్లు, ఇంట్లోవాళ్ళు వాడుకునే సామాను. అంతవరకే. పనికి వాడే ఉలులు, చిత్రికలు, చెక్క బిగించే క్లాంపులు దాంట్లోకి రావు. దానికి వేరే పాలసీ ఉంటుంది. బాగుచేయమని ఇచ్చిన వాద్యాలు మీవి కావు, ఇంకొకళ్ళవి. అవి అసలే రావు."

"తెలుసండీ. తెలియకపోయినా అవి నా బాధ్యతే" అంది అత్తయ్య. పొద్దున్నుంచీ ఆ యజమానుల ఇళ్ళకే తిరిగానని చెప్పింది. బాగుపడేవాటిని ఊరికే బాగుచేసి ఇస్తానందట. బాగుపడని వాటికి బదులు కొత్తవి స్వయంగా చేసి ఇస్తానందట. ఒకళ్ళిద్దరు కోప్పడ్డారట, ఒకావిడ మాత్రం ఏమీ అనకుండా కుర్చీ వేసి కూర్చోబెట్టిందట. చెయ్యడానికి నాకు కాలం పట్టినా పరవాలేదు, ఈ గది ఉండాలంతే అంది.

ఈ గది ఉండాలంతే. మాకు ఇల్లు కావాలి. ఆమెకు ఈ ఒక్క గది కావాలి, ఇచ్చిన మాటలన్నీ దీంట్లోనే నిలబెట్టుకోవాలి.

సర్వేయర్ మేడమ్ స్టవ్వువైపు, అలమరవైపు ఇంకోసారి చూసింది. తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. పనిముట్లు రాకపోవడం చిన్న విషయమేనట. స్పిరిట్, స్టవ్వు, ఊరివాళ్ళ సామాను ఉన్న ఇంటికి ప్రమాదం ఎక్కువ కాబట్టి కంపెనీ వేరే లెక్కలో చూస్తుందట. పాలసీ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్పి ఉండాలట. చెప్పకుండా దాచారని తేలితే ఈ గదికే కాదు, హాలుకూ, దూలానికీ, దేనికీ ఇవ్వనక్కర్లేదని కంపెనీ చేతులెత్తేయవచ్చట.

మామయ్య గోడకు ఆనుకున్నారు. టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ మధ్యాహ్నం తిరిగొచ్చి తలుపు తీసినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

"అయితే ఒకటుంది" అంది ఆవిడ. "ఏజెంటు ఈ గదిని కళ్ళారా చూసి, ఇక్కడ ఏం జరుగుతుందో తెలిసి కూడా రాయలేదంటే, ఆ తప్పు మీది కాకపోవచ్చు. ఏజెంటుకు తెలిస్తే కంపెనీకి తెలిసినట్టేనని నేను రాయగలను. హాలు, కప్పు దక్కడానికి గట్టి అవకాశం ఉంటుంది. కానీ ఆ ఏజెంటు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. బహుశా ఇక ఏజెంటుగా ఉండడు. ఎవరా ఏజెంటు?"

అందరం ఒకేసారి అటు చూశాం. అంతకంటే చెప్పడం ఏముంటుంది.

పాలసీ అన్నయ్య జేబులో ఉన్న పెన్నులను సర్దుకున్నాడు. ఆయన గురించి నా అభిప్రాయం ఏమిటో ఇన్ని వారాలుగా చదువుతున్నవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇప్పుడు నీళ్ళు నములుతాడు, నాకేం తెలుసండీ అంటాడు, అత్తయ్యను అబద్ధాలకోరును చేసి తను గట్టున పడతాడు అనుకున్నాను. అనుకోవడమే కాదు, ఆయన ఆ మాట అనగానే నేను అనడానికి రెండు మంచి మాటలు కూడా నాలుక చివర సిద్ధం చేసుకున్నాను.

"నేనేనండీ. నాకు తెలుసు. ఆ బల్ల దగ్గరే కూర్చుని రాశాను. అత్తయ్యగారు అప్పుడు వార్నిష్ వేస్తున్నారు, నా చొక్కాకు అంటింది కూడా" అన్నాడు.

నా రెండు మంచి మాటలూ నోట్లోనే ఉండిపోయాయి. మా ఆడపడుచుకు ఇద్దరు చిన్నపిల్లలు. ఆ ఇంటికి ఆధారం ఈయన తిరిగే తిరుగుడే. ఆ మాట అంటే ఏం పోగొట్టుకుంటాడో అందరికంటే ఆయనకే బాగా తెలుసు. ఇంట్లో అందరం వెక్కిరించే మనిషి, పొద్దున మంచం మోసిన మనిషి, ఒక్క వాక్యంలో నిటారుగా నిలబడ్డాడు. నాకు చాలా చిరాకేసింది, ఇకమీదట ఆయన్ని వెక్కిరించడం ఎలాగా అని.

"మరి ఎందుకు రాయలేదు బాబూ?" అని అడిగింది అత్తయ్య, మెల్లిగా. నింద వేస్తున్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని.

ఆయన మళ్ళీ పెన్నులు సర్దుకున్నాడు. సర్వేయర్ మేడమ్ అదే ప్రశ్న ఇంకోలా అడిగింది. మరిచిపోయారా, లేక రాయొద్దని ఎవరైనా అంటే మానేశారా? రెంటికీ చాలా తేడా ఉందట. మరిచిపోతే అది ఏజెంటు తప్పు, ఇంటికి కావలసింది దక్కవచ్చు. ఇంట్లోవాళ్ళే వద్దన్నారంటే అది దాచడం, అప్పుడు తను చేయగలిగింది ఏమీ ఉండదు.

"మరిచిపోయాను" అన్నాడు అన్నయ్య.

చాలా తొందరగా అన్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, బల్ల మీది జిగురు మరకను చూస్తూ అన్నాడు. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పక్కింటివాళ్ళ పాలసీ ముగిసే తేదీలు కూడా మరిచిపోని మనిషి. నేను నమ్మలేదు. అత్తయ్య కూడా నమ్మలేదని ఆమె కనుబొమ్మలు చెప్పాయి. కానీ ఆ అబద్ధంతో మా కప్పు మాకు దక్కుతుంది, పోయేదంతా ఆయనకే పోతుంది. అందుకే నేను నోరు విప్పలేదు.

సర్వేయర్ మేడమ్ పెన్ను తీసింది. సరే, అలాగే రాస్తాను అంది.

అప్పుడు మామయ్య గోడ దగ్గరనుంచి ఇవతలికి వచ్చారు. మడతమంచం దగ్గర నిలబడి, ఆవిడ కూర్చున్నచోట ముడతపడ్డ దుప్పటిని వేళ్ళతో సాపు చేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అతను మరిచిపోలేదండీ. రాయబోయాడు. వద్దన్నది నేను" అన్నారు.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. మామయ్యగారూ అని మాత్రం అనగలిగాడు. ఆయన ఆగలేదు. ఈ ఇంట్లో ఏదైనా పని, వ్యాపారం జరుగుతుందా అన్నచోట ఏదీ లేదు అని రాయమని పట్టుబట్టింది తనేనట. అల్లుడు రెండుసార్లు చెప్పి చూశాడట, తను కసిరారట. అల్లుడన్నవాడు మామగారి మాట కాదనలేక ఊరుకున్నాడట. పొద్దున ఆ మంచానికి సరేనన్నది కూడా తన మాట బయటపడకూడదనేనట. అన్నయ్యను నేను ఇన్నాళ్ళూ తిట్టిన తిట్లలో సగం అడ్రసు తప్పి వెళ్ళాయని అప్పుడర్థమైంది.

అత్తయ్య చేతిలో ఓ ఫిడేలు మెడ ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఎందుకండీ?" అంది.

మామయ్య బల్ల అంచును వేలితో తడిమారు. ఆయన ఉద్యోగం మధ్యలో కొన్నాళ్ళు పోయిందనీ, ఆ రోజుల్లో ఇల్లు నడిచింది ఈ బల్ల మీదే అనీ నాకు మా ఆయన ఎప్పుడో చెప్పాడు. ఇంట్లో ఎవరం దాని గురించి మాట్లాడం. మామయ్య అసలే మాట్లాడరు.

"పెళ్ళాం పనిచేస్తేగానీ గడవని ఇల్లని కాగితం మీద ఉండటం నాకు ఇష్టం లేకపోయింది" అన్నారు చివరికి. "నలుగురూ చూస్తారని. ఇప్పుడు చూస్తే ఆ నలుగురిలో ఒక్కడూ లేడు. నువ్వే ఉన్నావు."

ఆయన మీద నాకు అరికాలి మంట నెత్తికెక్కాలి. ఎక్కింది కూడా. కానీ ఈ మనిషి నోరు మూసుకుని ఉంటే ఇల్లు దక్కేది, అల్లుడు బలైపోయేవాడు. అది చూడలేక, అందరి ముందూ, ఒక పరాయి మనిషి ముందు, తన పరువు తనే విప్పి కింద పెట్టాడు. తిట్టడానికి నోరు తెరిచి, ఏం అనాలో తెలియక మూసేశాను. ఒక్కరోజులో ఇంతమంది నా నోరు మూయించడం ఎప్పుడూ జరగలేదు.

సర్వేయర్ మేడమ్ పెన్ను కదలకుండా పట్టుకుని ఉంది. తర్వాత ఎవరితో మాట్లాడాలో నిర్ణయించుకున్నట్టుగా అత్తయ్యవైపు తిరిగింది. ఇల్లు అత్తయ్య పేరున ఉంది. పాలసీ కూడా ఆమె పేరునే. పాలసీ రాసిన రోజున ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ, వార్నిష్ చేతులతో, చదవకుండా పెట్టింది.

"పాలసీ మీది. వీళ్ళిద్దరూ చెరొకటి చెప్పారు. నేను రాయాల్సింది మీ మాట. మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, దాని మీద మీరు సంతకం పెడతారు. దాన్నిబట్టే కంపెనీ తేలుస్తుంది. తొందరలేదు, ఆలోచించుకునే చెప్పండి" అంది.

అత్తయ్య అల్లుడివైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, నా సంగతి నేను చూసుకుంటాను అన్నట్టు. మొగుడివైపు చూసింది. ఆయన తలెత్తలేదు. పైకి చూసింది, చెక్కల మధ్యనుంచి టార్పాలిన్ నీలంగా కనిపిస్తోంది. మరిచిపోయాడంటే ఆమె గది ఆమెకు ఉంటుంది, కూతురి ఇంట్లో పొయ్యి ఆరుతుంది. దాచారంటే అల్లుడు కొంతైనా నిలుస్తాడు, మా నెత్తిన కప్పు పోతుంది, ఊరంతా తిరిగి ఇచ్చొచ్చిన మాట పోతుంది. ఎటు చెప్పినా ఎవరో ఒకరు మునుగుతారు. నా చేతిలో ఆ పూలజాడీ ఇంకా అలాగే ఉంది, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఆమె బల్ల దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"రాసుకోండి" అంది.

ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టింది.

"ఎవరు దాచారు, ఎవరు మరిచిపోయారు అన్నది తర్వాత చెప్తాను. ముందు నేను ఈ గదిలో ఏం పని చేస్తానో రాసుకోండి. మొత్తం రాసుకోండి. అది ఎక్కడా రాసి లేదు కదా."